సగం మాటకి తెరవని తలుపు

ఆ సంఘంలో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. వయసులో పెద్దవాళ్ళు కూడా అంతే. చనిపోయిన పాస్టరుగారి భార్య, వీధి మలుపులో దర్జీ కొట్టు, మెడలో వేలాడే కొలతల టేపు, ముక్కుమీద కోపం. మనసు మాత్రం వెన్న అని చెప్పాలని ఉంది గానీ, ఈ కథ జరిగిన రోజుల్లో ఆ వెన్న బాగా గడ్డకట్టి ఉంది. అబద్ధమెందుకు?

పాస్టరుగారు పోతూ పోతూ ఒక్కటే మాట చెప్పారు. తన కుర్చీలో ఏ ఒక్కరూ కూర్చోవద్దని, పెద్దలందరూ కలిసి సంఘాన్ని నడిపించాలని. విన్నారా? వింటే ఈ కథే లేదు. ఆ కుర్చీ మా ఆయనదని వదిన, మా అన్నయ్యదని మరిది. మరిది వడ్రంగి. ఇద్దరూ సంఘ పెద్దలే, ఇద్దరూ ప్రార్థన మొదలుపెడితే రాళ్ళయినా కరిగేవే. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. చివరికి హాలు మధ్యలో చెక్కగోడ కట్టుకుని, వచ్చే ఆదివారం నుంచి చెరో పక్క ఆరాధన చేసుకుందామని తేల్చారు. గోడ పని మరిదే పెట్టుకున్నాడు. తన సంఘాన్ని తనే చీల్చే గోడకి అంత నునుపుగా చిత్రిక పట్టిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మనుషుల్ని పంచుకున్నట్టే మంచాన పడ్డవాళ్ళనీ పంచుకున్నారు. ఎడమ బల్లల మీద కూర్చునేవాళ్ళు వదిన వైపు, కుడి బల్లల వాళ్ళు మరిది వైపు. ఇక్కడే కొంప మునిగింది. మేడమీదమ్మ అనే ముసలావిడ ఏ బల్ల మీదా కూర్చునేది కాదు. చూపు లేదు కనుక నడవ చివర విడిగా కుర్చీ వేసేవారు. నా అన్నవాళ్ళు లేరు. మోకాళ్ళు కూడా మొండికేయడంతో మేడ దిగడం మానేసింది. ఆమె ఎటువైపు మనిషో ఎవరూ అడగలేదు. వాళ్ళు చూస్తున్నారులే అని వీళ్ళు, వీళ్ళు చూస్తున్నారులే అని వాళ్ళు హాయిగా ఊరుకున్నారు.

ఒక మధ్యాహ్నం తోడికోడలు, అంటే మరిది భార్య, జాకెట్టు చేతులు పొట్టి చేయించుకోవడానికి కొట్టుకొచ్చింది. మొగుడికి తెలియకుండానే వచ్చిందనుకోండి.

"మేడమీదమ్మ ఎలా ఉందక్కా? మీ వాళ్ళు బాగానే చూసుకుంటున్నారా?" అంది.

వదిన కుట్టుమిషను తొక్కడం ఆపేసింది. "మా వాళ్ళేంటే? వెళ్ళేది మీరు కదా!"

"అయ్యో దేవా! మేమెక్కడ వెళ్తున్నామక్కా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అటు ఎవరూ వెళ్ళకుండానే వారాలు గడిచిపోయాయి. వదిన లేచింది. ఉన్న రొట్టె, ఉన్న పాలు సంచిలో పడేసుకుని, మెడలో టేపు కూడా తీయకుండా పరుగెత్తింది.

రంగులద్దేవాళ్ళ షాపు వెనక సందులో ఆ మేడ. మెట్ల మీద ఎండ పడుతోంది. వదిన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కింది. పైన ఏ వాసన వస్తుందోనని భయం. కానీ వచ్చింది సబ్బు వాసన, కాచిన పాల వాసన. తలుపు పక్కన తీగమీద దుప్పటి ఆరేసి ఉంది, ఇంకా నీళ్ళు కారుతోంది. దాని చినిగిన మూలకి మాసిక వేసి ఉంది. వదిన దాన్ని పట్టుకుని చూసింది. చివర ముడి వేశాక రెండు కుట్లు వెనక్కి వేయడం ఆ పేటలో ఆమె ఒక్కర్తికే అలవాటు. ఆ దుప్పటిని మాత్రం ఆమె జన్మలో ముట్టుకోలేదు.

ఇక తలుపు. దాని సంగతి చెప్పాలి. ఒకప్పుడు సంఘంవాడే ఒకడు పరామర్శకని ఒంటరిగా వెళ్ళి, మంచంలో ఉన్న ముసలాయన్ని బెదిరించి ఇల్లు రాయించుకున్నాడు. అప్పట్నుంచీ పాస్టరుగారు ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి దగ్గరికైనా ఇద్దరు వెళ్ళాలి. ఒకరు "సమాధానం తెచ్చాం", అంటే శాంతి తెచ్చాం, అనాలి, రెండోవారు "ఇద్దరం కలిసి తెచ్చాం" అనాలి. రెండు గొంతులు వినిపిస్తేనే లోపలివాళ్ళు గడియ తీయాలి.

వదిన తలుపు తట్టి మొదటి మాట తనే చెప్పింది. గొంతు మార్చి రెండోదీ తనే చెప్పింది. ఏం చేస్తుంది మరి?

"ఎవరమ్మా అది? ఒక్క గొంతే రెండు మాటలూ చెప్తోందేం?" అంది లోపలినుంచి మేడమీదమ్మ.

బతికే ఉంది! వదినకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనమ్మా, వదినని!"

"వదిన ఇక్కడే ఉందిగా. నాకు జడ వేస్తోంది."

"ఎవరమ్మా బయట?" అని లోపల ఇంకో గొంతు అడిగింది.

అది వదిన గొంతే. కాకపోతే, భర్త ఉన్న రోజుల్లో, ఇంకా కోపం ముదరనప్పటి గొంతు. "నువ్వు పాలు చల్లార్చు, నేను ఇది అల్లేస్తాను," అందా గొంతు. "అలాగే వదినా," అని నవ్వుతూ జవాబిచ్చింది ఓ మగగొంతు. ఆ నవ్వు మరిదిది.

వదిన వెనక్కి తిరిగింది. మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

హాల్లో మరిది చెక్కల మధ్య కూర్చుని చిత్రిక పడుతున్నాడు. "ఏం వదినా, గోడ ఎంత ఎత్తొచ్చిందో చూసుకోడానికొచ్చారా?" అన్నాడు వెటకారంగా.

"పని ఆపు. మేడమీదమ్మ గదిలో నువ్వు మాట్లాడుతుంటే విన్నాను."

"నేనా? పొద్దుట్నుంచీ ఇక్కణ్ణుంచి కదిలితే ఒట్టు!"

"అదే నేనూ చెప్తున్నది. నేను గుమ్మం బయట ఉన్నాను. లోపలా నేనే ఉన్నాను."

ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేవాడే. ఆమె మొహం చూసి చిత్రిక కింద పెట్టి లేచాడు.

మెట్ల దగ్గర మాత్రం "ఎలకలేమో వదినా" అని ఓ జోకు వేయబోయాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి లోపల అతని గొంతే సన్నగా కూనిరాగం తీస్తోంది. మనిషి పాలిపోయాడు. ఇద్దరూ తలుపుకేసి చూస్తూ నిలబడ్డారు. మొదటి మాట ఎవరు చెప్పాలి? పెద్దరికం ఉన్నవాళ్ళు ముందు చెప్పడం ఆనవాయితీ. ఆ పెద్దరికం కోసమే కదా ఇంత గొడవా!

"నువ్వే ముందు చెప్పు నాయనా," అంది వదిన. ఆ మాట అనడానికి ఆమె ప్రాణం ఎంత గింజుకుందో ఆ దేవుడికే తెలియాలి.

"సమాధానం తెచ్చాం," అన్నాడు మరిది.

"ఇద్దరం కలిసి తెచ్చాం," అంది వదిన.

లోపల కూనిరాగం ఆగింది. గడియ తీసిన చప్పుడైంది.

గదిలో మేడమీదమ్మ ఒక్కర్తే ఉంది. జడ సగం అల్లి ఉంది, మిగతా జుట్టులో దువ్వెన గుచ్చి ఉంది. గిన్నెలో పాలు పొగలు కక్కుతున్నాయి. కిటికీకి ఊచలున్నాయి, వేరే తలుపు లేదు. ముసలావిడ ఇద్దరి చేతులూ తడిమి చూసింది.

"మీరే. చెమటతో చల్లగా ఉన్నాయి. వాళ్ళవి వెచ్చగా ఉండేవి."

"వాళ్ళు మేం కాదని నీకు తెలుసా అమ్మా?" అన్నాడు మరిది.

"కళ్ళు లేవు గానీ బుర్ర లేదా నాకు? మీరిద్దరూ మాటకి మాట అడ్డుపడకుండా ఒక్క పూటైనా ఉన్నారా ఎప్పుడైనా? వాళ్ళు ఒక్కసారీ పోట్లాడుకోలేదు."

"మరి తెలిసీ తలుపెందుకు తీశావమ్మా?" అంది వదిన.

"ఆకలేసి," అంది మేడమీదమ్మ.

వదిన అక్కడే నేలమీద కూలబడిపోయింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

"ఆదివారం నన్ను తీసుకుపోతామన్నారు వాళ్ళు. ఎక్కడికో చెప్పలేదు. అక్కడ మెట్లుండవట. సరేనన్నాను."

"వద్దమ్మా! వెళ్ళకు! తప్పంతా మాదే. నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళకు."

"నువ్వొక్కదానివి అంటే సరిపోతుందా?"

మరిది కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇద్దరం వస్తామమ్మా. రోజూ వస్తాం. ఆదివారం నిన్ను మోసుకెళ్ళి ఆరాధనలో కూర్చోబెడతాం."

"గోడకి ఏ పక్కన?"

అప్పుడు తలుపు బయట, ఇప్పుడే వాళ్ళు నిలబడ్డ చోట, రెండు జతల చెప్పులు కదిలిన చప్పుడైంది. ఎవరో జవాబు కోసం ఆగినట్టుంది. మరిది అటు తిరగలేదు.

"గోడ ఉండదమ్మా," అంది వదిన. "కుర్చీలో నేను కూర్చోను."

"నేనూ కూర్చోను," అన్నాడు మరిది. "ఇప్పుడే పోయి పీకేస్తాను."

మేడమీదమ్మ మొహం తలుపువైపు తిప్పింది. "విన్నారుగా," అంది. అడుగులు మెట్లు దిగాయి. కింద వీధి తలుపు చప్పుడు మాత్రం కాలేదు.

"వాళ్ళు వెళ్ళలేదేం?" అంది వదిన చిన్నగా.

"మీరొచ్చినా ఆదివారం దాకా మెట్ల కింద ఉండమని ముందే చెప్పాను. మీ ఇద్దరి సంగతీ నాకు తెలియదూ?"

వదిన జడ అల్లడం పూర్తిచేసింది. మరిది పాలు చల్లార్చి, రొట్టె నానబెట్టి తినిపించాడు. ముసలావిడ నిద్రపోయాక ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు మెట్లు దిగారు. కింద, పాత సామాను పడేసే చీకటి మూలలోకి ఇద్దరూ తొంగిచూడలేదు.

"రేపు ఎప్పుడొద్దాం వదినా?" అని అడిగాడు మరిది, అక్కడున్నవాళ్ళకి వినపడేంత గట్టిగా.

"పొద్దున్నే," అంది వదిన, అంతకంటే గట్టిగా.