ఏకబిగిన ముప్పై నిమిషాలు

ఇస్త్రీ పెట్టె భర్త చొక్కా కాలరు మీద ఉంది గానీ, ఆమె కాళ్లు అప్పుడే పార్కు మలుపు దాటేశాయి. బల్ల కింద బొటనవేళ్లు నేలను తన్నుతున్నాయి. ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. అయిదు కిలోమీటర్ల పరుగు పందెం, ముప్పై నిమిషాల లోపు. ఈ మాట పైకి అన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. అంతకన్నా ఘోరం, నవ్వారు. "మా ఆవిడ ఒళ్లు తగ్గించుకుంటోందిరా" అని భర్త స్నేహితుడికి ఫోనులో చెప్పుకున్నాడు. "ఇంట్లో తిరిగేది చాలదూ?" అంది అత్తగారు, మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.

పోయిన వారం సాధనలో అయిదు కిలోమీటర్లూ పూర్తయ్యేసరికి చేతి గడియారం ఇరవై తొమ్మిది నిమిషాల పది సెకన్లు చూపించింది. పట్టరాని సంతోషంతో కోచ్ దగ్గరికి పరిగెత్తింది. బడిలో ఆటలు నేర్పి రిటైరైన ఆ పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, "మధ్యలో ఎన్నిసార్లు ఆపావు?" అంది.

"నాలుగు సార్లేనండీ. ఫోనొస్తే గడియారం ఆపేసి మాట్లాడాను." గీజరు స్విచ్ ఏది, అత్తగారి మాత్రలెక్కడ, పాపకి జడ ఎవరు వేస్తారు, మళ్లీ గీజరు.

"ఆగి, ఊపిరి పీల్చుకుని పరిగెత్తమంటే నేనూ పరిగెడతాను తల్లీ. పందెంలో గడియారం ఎవరింటి గీజరు కోసమూ ఆగదు."

అప్పట్నుంచీ ఆమెకి కుదురు లేదు. పెళ్లయిన పదకొండేళ్లలో ఏకబిగిన ముప్పై నిమిషాలు చేసిన పని ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. స్నానమా? తలుపు కొడతారు. భోజనమా? వడ్డించడానికి లేస్తుంది. జ్వరమొచ్చినా విడతలు విడతలుగానే పడుకుంది. పిల్లని కనడం ఒక్కటే మధ్యలో ఎవరూ ఆపలేకపోయారు. అప్పుడు కూడా భర్త "చార్జరు ఏ సంచీలో పెట్టావు?" అని అడగనే అడిగాడు. తను ఆగింది కాళ్లకి బలం చాలక కాదు, ఎవరూ వాటిని వదలక.

ఆదివారం పొద్దున్నే ఫోను బల్ల మీదే పడేసి వెళ్లింది. నాలుగు కిలోమీటర్లు ఎలా గడిచాయో తెలియలేదు. చివరి కిలోమీటరు తమ వీధిలోంచే. గేటు దగ్గర భర్త, పైజామాలో, ఒక్క కాలికే చెప్పుతో నిలబడి ఉన్నాడు.

"ఏమోయ్! బీరువా తాళం ఎక్కడ?"

అలవాటుగా ఆమె అడుగు తడబడింది. వేలు దానంతటదే గడియారం మీట మీదికి పోయింది.

"నిన్నే! ఆగు!" అంటూ అతను పక్కనే పరుగందుకున్నాడు. ఎనిమిది అడుగులకే ఎగశ్వాస. ఆమె వేలు తీసేసింది. పిడికిళ్లు బిగించి, మోచేతులు ఊపుకుంటూ ముందుకు పోయింది. అతని పిలుపు రెండిళ్ల దాకా వెంట వచ్చి చాలించుకుంది.

ముగింపు గీత దాటి, మోకాళ్ల మీద చేతులానించి వంగేసరికి అతను స్కూటరు మీద దిగాడు.

"నలుగుర్లో పిచ్చివాడిలా అరిచాను. ఒక్క నిమిషం ఆగితే ఏం పోయేది నీకు?"

ఆమె మణికట్టు తిప్పి అతని కళ్లెదుట పెట్టింది. ఇరవై తొమ్మిది నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.

"ఇది పోయేది," అంది.