పాలు పిండే వేళ ఫుట్‌బాల్

నా గొంతు ఎలాంటిదో గౌలిపురలో ఎవరినడిగినా చెబుతారు. పదిహేనేళ్లుగా చార్మినార్ చుట్టూ ఆటో నడుపుతున్నాను. ఆ రద్దీలో మెల్లగా మాట్లాడితే వినే నాథుడెవడు? అదే గొంతుతో నాలుగేళ్లుగా మా గల్లీ ఆడపిల్లలు పదిమందికి సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఒకప్పుడు నేనూ ఆడినవాణ్ణే. మోకాలు పోయాక ఇలా పిల్లల మీద పడ్డాను.

ఆ పదిమందిలో నా కూతురు కీర్తిప్రియ ఒకతి. పదమూడేళ్లు. జిల్లా జట్టు సెలెక్షన్ ఇంకా పది రోజులుందనగా, ఒక పొద్దున నా భార్య అమల చాయ్ నా ముందు పెట్టి అక్కడే నిలబడింది.

"ఈ సెలెక్షన్ల పేరు రాకుంటే బిడ్డ ఇగ ఆడదట," అంది.

"ఏంది? ఎందుకాడదట?"

"నువ్వు అరుస్తుంటే దాని కాళ్లు పనిచేస్తలేవట. నీకు చెప్పే ధైర్యం లేక నాకు చెప్పింది."

నాకు మండిపోయింది. "నేను అరిచేది దాని మంచికే కదా! అంత సుకుమారమా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. లోపలి గదిలో కీర్తి బడి సంచి సర్దుకుంటోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. అమల ఆ గది వైపు చూసింది.

ఆ సాయంత్రం మైదానానికి వెళ్తే అక్కడ గుంజలు పాతుతున్నారు. ఎవరో పెద్దింటి పెళ్లట, పది రోజులు షామియానా ఉంటుందట. గుంజలు పాతేవాడితో లొల్లి పెట్టుకున్నాను. "మేరేకు క్యా మాలూమ్ భాయ్, సేఠ్‌కు పూఛో," అని, తనకేం తెలీదు, యజమానినే అడుక్కోమని వాడు మళ్లీ సుత్తె ఎత్తాడు. పిల్లలంతా బంతి పట్టుకుని నా మొహమే చూస్తున్నారు.

మా గల్లీల్లో ఖాళీ జాగా అంటే ఇంకెక్కడుంది? మా మేనత్త ఎల్లమ్మ బర్రెల కొట్టం ముందు వాకిలి. పద్నాలుగు బర్రెలు ఒక పక్క కట్టేసి ఉంటాయి, మిగతా వాకిలంతా షాబాదు బండలు. కాకపోతే ఒక తిరకాసు. పిల్లలు బడి నుంచి వచ్చేది నాలుగున్నరకు, ట్యూషన్‌కు పోయేది ఆరింటికి. సరిగ్గా ఆ మధ్యలోనే అక్కడ పాలు పిండుతారు.

"ఆడుకోండ్రి, వద్దంటనా," అంది ఎల్లమ్మత్త. "బంతి బర్రెకు తగలొద్దు. నీ నోరైతే అసలే లేవొద్దురా మహేందర్. లొల్లి అయితే బర్రెలు బెదిరి పాలు ఎగచేపుతయి, ఒక్క చుక్క వదలవు. నా గిరాకి అంత వాకిట్ల నిలబడి ఉంటది."

"నేను నోరు తెరిస్తే అడుగత్తా," అన్నాను.

మొదటి రోజు పది నిమిషాలు ఆగగలిగాను. శ్రీహిత బంతిని కీర్తికి ఇవ్వాల్సింది పోయి పేడకుప్ప వైపు తన్నింది. "అరే, ఎటు కొడ్తున్నవే!" అని ఒక్క కేక పెట్టాను. పద్నాలుగు తలలూ ఒకేసారి లేచాయి. ఎల్లమ్మత్త చేతిలో పాలధార టక్కున ఆగింది. పొదుగు నిమిరింది, దూడను విడిచింది, బుజ్జగించింది. ఊహూఁ! చెంబులు పట్టుకుని వచ్చినవాళ్లంతా నన్ను కొరకొరా చూశారు. అత్త తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కీర్తి కూడా నవ్వింది. మైదానంలో నా బిడ్డ నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. ఎగరకుండా, చప్పుడు కాకుండా బంతిలో గాలి కొంత తీసేశాను. బూట్లు విడిపించాను. తడిబండల మీద పెద్ద అడుగు వేస్తే జారడమే, కాబట్టి చిన్న అడుగులు, నేలబారు పాసులు. నేను చెయ్యెత్తితే ఆగాలి, వేలు చూపితే అటు కదలాలి. అంతకు మించి చెప్పాలంటే ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి, వంగి, చెవిలో చెప్పాలి.

దీనితో వచ్చిన చిక్కేమిటంటే, నడిచి వెళ్లేలోపు సగం కోపం పోయేది. వంగేసరికి మోకాలి నొప్పికి మిగతా సగం పోయేది. చెప్పవలసింది ఒకటో రెండో మాటలు మిగిలేవి. ఇన్నేళ్లూ దూరం నుంచి అరిచానేగానీ, అరిచాక వాళ్ల మొహాలు ఎలా అయ్యేవో నేను దగ్గర్నుంచి చూడనే లేదు.

నాలుగో రోజు బంతి కీర్తి కాలికి వచ్చింది. ఎదురుగా మున్నీ. మా జట్టులో అందరికంటే గట్టి పిల్ల, ఎవరినీ దాటనివ్వదు. కీర్తి తలెత్తి చూసి, బంతిని అరికాలితో వెనక్కి లాగి, పక్కకు తిరిగి హాయిగా దాటిపోయింది. అది నేను నేర్పింది కాదు. శభాష్ అనే మాట గొంతు దాకా వచ్చింది, కానీ పక్కనే ధార పడుతోంది. దగ్గరికి నడిచి వెళ్లి వంగాను. కీర్తి భుజాలు బిగుసుకున్నాయి. తిడతాననుకుంది. అయ్యో, నా బిడ్డే నేను తిడతాననుకుంది!

"మస్తు ఆడినవ్ బిడ్డా," అన్నాను చెవిలో.

"నిజంగనా బాపు?"

"ఒట్టు."

సెలెక్షన్ బహదూర్‌పురాలోని ఒక మైదానంలో. ఆటోలో తీసుకెళ్తూ, "నేను గేటు బయటనే ఉంట, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను. కీర్తి ముందుకు వంగింది. "లోపలికే రా. అరవకు, గంతే," అంది.

లైను పక్కన తల్లిదండ్రులంతా గొంతులు చించుకుంటున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. కీర్తి మొదట బాగానే ఆడింది. తర్వాత బంతి పోగొట్టుకుంది. వెంటనే ఇంకోసారి. అవతలి జట్టు గోల్ కొట్టింది. కీర్తి బంతి కోసం మరీ ముందుకు పరుగెత్తి వెనక ఖాళీ వదిలేస్తోందని నాకు కనబడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. పళ్లు బిగబట్టాను. ఇంకొంచెం సేపు ఇలాగే ఆడితే కూర్చోబెడతారు.

బంతి బయటికి పోయి ఆట ఆగింది. కీర్తి నేరుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మొహమంతా చెమట, కళ్లలో నీళ్లు.

"బాపూ, నేనేం తప్పు చేస్తున్న? జల్ది చెప్పు!"

నాలుగేళ్లలో నా బిడ్డ నన్ను ఒక్కసారైనా ఇలా అడగలేదు. అడిగే సందు నేనెప్పుడిచ్చాను గనక!

"బంతి ఎంబడి పోకు. నాలుగడుగులు ఎనకకే ఉండు, అదే నీ దగ్గరికి వస్తది," అన్నాను.

తలూపి పరుగెత్తింది. మిగతా ఆటంతా అక్కడే నిలబడి మూడు బంతులు లాక్కుంది. అయినా ఆలస్యమైపోయింది. సాయంత్రం చదివిన జాబితాలో మున్నీ పేరుంది, కీర్తి పేరు లేదు.

తిరుగుదారిలో కీర్తి వెనక సీట్లో కూర్చుంది. పేరు రాకుంటే ఇక ఆడనని అమలతో అన్న మాట నాకు తెలుసని దానికీ తెలుసు. అడగాలంటే భయమేసింది. చార్మినార్ దగ్గరికి వచ్చే వరకు అద్దంలో దాని మొహమే చూస్తూ నడిపాను.

"బాపు," అంది వెనక నుంచి, "రేపు నాకు ఎనక ఆడేది నేర్పిస్తవా? నువ్వు చెప్పినంకనే నాకు సమజయింది."

ఆటో రోడ్డు మీదే ఆపేసి, హ్యాండిల్ మీద తలపెట్టి ఏడ్చాను. వెనకున్న బండ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. మోగించుకోనీ అనుకున్నాను.