నల్లపిట్ట సొంతూరు

చిక్కడపల్లి లైబ్రరీలో గోడ గడియారం ఆ సాయంత్రం గుర్రమెక్కి దౌడు తీస్తున్నట్టుంది. భాగ్యశ్రీ తలెత్తినప్పుడల్లా అది రెండేసి నిమిషాలు మింగి కూర్చుంటోంది. ఐదింటికల్లా అభ్యంతరం పంపాలి. తోక చీలిన నల్లని పాటపిట్ట ఒకటుంది, దాని సొంత దీవులేవని పరీక్షలో అడిగారు. భాగ్యశ్రీ అండమాన్ అని పెట్టింది. మొన్న వచ్చిన జవాబుల కీలో లక్షదీవులని ఉంది. పుస్తకంలోని పేజీ ఫొటో తీసి పంపితేనే ఆ మార్కు దక్కుతుంది. పోయినసారి ఒక్క మార్కుతోనే ఉద్యోగం చేజారింది.

బియ్యం బస్తా అంత బరువున్న పక్షుల పుస్తకం దొరికింది, పేజీ కూడా దొరికింది. కానీ పుస్తకం రమ్య ముందుంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది. అదే పరీక్షలో రమ్య లక్షదీవులని పెట్టింది.

"కీ మారితే నా మార్కు పోతది గదనే?" అంది రమ్య, పేజీ మీద నుంచి అరచెయ్యి తియ్యకుండా.

"పోతది," అంది భాగ్యశ్రీ. నాలుగూ యాభై మూడయింది.

రమ్య బొమ్మలోని పిట్టను మింగేసేటట్టు చూసింది.

"ఏందే, నా కోసం జర లక్షదీవులకు ఎగిరిపోరాదే?"

పిట్ట కదల్లేదు.

"మొండిది. అచ్చం నీ లెక్కనే ఉన్నది," అంటూ రమ్య చెయ్యి తీసింది. ఫ్యాను గాలికి పేజీలు లేచాయి. ఈసారి రెండు చేతులతో అదిమి పట్టింది.

"నా మొకం ఏం సూస్తున్నవ్? జల్ది తియ్యి!"

ఐదుకు రెండు నిమిషాలుండగా ఫొటో వెళ్లింది. అందులో పిట్ట పక్కనే రమ్య బొటనవేలు కూడా పడింది.