పై వాటా కుళాయి

మామగారు ముప్పై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల పైపులు బాగుచేస్తున్న ప్లంబరు. అందుకే గుండె రక్తనాళం సన్నబడిందని డాక్టరు చెప్పినప్పుడు ఆయన ఏమాత్రం బెదరలేదు. "పైపు ఇరుకైంది, ఈ మాత్ర వెడల్పు చేస్తుంది. అంతేగా!" అని ఆయనే డాక్టరుకు పాఠం చెప్పి వచ్చారు.

ఆ పనితనమే ఇవాళ కొంప ముంచబోయింది.

కోడలు నర్సు. డ్యూటీ దిగి వచ్చేసరికి మామగారు డాబా మెట్ల మీద, ఒళ్లంతా చెమటతో, గోడకు చేరగిలబడి ఉన్నారు. పక్కన పానా. ఆమె గబగబా దగ్గరికి వెళ్లింది.

"మావయ్యా! నొప్పా?"

"నొప్పి లేదమ్మా. కళ్లు తిరుగుతున్నాయి."

ఆయన్ని అక్కడే పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, డాక్టరుకు ఫోన్ చేసింది.

"నాలిక కింద పెట్టుకునే మాత్రలు ఎన్ని వేసుకున్నారు?" అని ఫోన్ పెట్టేసి ఆయన్ని అడిగింది.

"మూడు. ట్యాంకు ఎక్కాలి కదా, ముందే దారి బాగా తెరిచి పెట్టుకుందామని."

డాక్టరు వచ్చి అన్నీ చూసి, గండం గడిచిందని చెప్పి వెళ్లగానే అత్తగారు తిట్లు మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు.

"ఉండండి అత్తయ్యా," అని కోడలు మంచం దగ్గర కూర్చుంది. "మావయ్యా, కింది వాటాల్లో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే పై వాటాకి నీళ్లొస్తాయా?"

"ఎలా వస్తాయి? ఒత్తిడి ఉండదుగా."

"మీరు చేసిందదే. ఒంట్లో నాళాలన్నీ ఒక్కసారే వదులయ్యాయి. ఒత్తిడి పడిపోయింది. ఇక గుండె కండకి రక్తం ఎక్కడిది, ప్రాణవాయువు ఎక్కడిది?"

ఆయన ముఖం చిన్నబోయింది. "మరి మాత్ర పని వెడల్పు చేయడమేగా?"

"అదీ కొంత చేస్తుంది. కానీ ఒక్క మాత్ర, అదీ కూర్చుని వేసుకుంటే, గుండెకు తిరిగొచ్చే రక్తం కాస్త తగ్గుతుంది. మోసే బరువు తగ్గితే గుండెకు ప్రాణవాయువు తక్కువే చాలు."

"అంటే పని తగ్గించుకోమనేగా! నేను పదేళ్లుగా చెప్తున్నదీ అదే," అన్నారు అత్తగారు. "నాలిక కింద పెట్టుకుంటేగానీ మాట ఎక్కదు ఈయనకి."

రెండు రోజుల తర్వాత ట్యాంకు మీదకి కోడలు ఎక్కింది. మామగారు కింద కుర్చీలో.

"ఎడమవైపుకి తిప్పమ్మా! అబ్బే, అటు కాదు!"

ఆమె తొంగిచూసింది. ఆయన కుర్చీలోంచి లేచి మెట్టు మీద కాలు పెట్టేశారు.

కోడలు పానా పక్కన పెట్టి చేతులు కట్టుకుంది. ఆయన వెనక్కి వెళ్లి కూర్చున్నాకే మళ్లీ చేతిలోకి తీసుకుంది.