ఎత్తిన బ్యాట్లు

తోటి పైలట్ లోరిమర్ సముద్రంలో పడి చనిపోయి వారం కాలేదు, స్నీడ్ మాత్రం కంచంలో పుడింగ్ ముక్క మిగల్చకుండా తింటున్నాడు. ఎదురుగా కూర్చున్న పైలట్ పెన్‌హేల్‌కు ఒళ్లు మండిపోయింది.

విమానాలు దిగే ఆ యుద్ధనౌక వెనక అంచున నిలబడి, రెండు చేతుల్లో బ్యాట్లతో దిగే విమానాలకు సైగలు చేసేది స్నీడే. బ్యాట్లు తలపైకెత్తి ఊపాడంటే ఎంతటివాడైనా దిగకుండా లేచిపోవాలి. కాదని దిగినవాడిని మళ్లీ విమానం ఎక్కనివ్వరు.

"జెట్టంటే మీ పాత పంకా విమానం కాదు సార్," అన్నాడు పెన్‌హేల్. "వేగం పెంచే పిడి తొయ్యగానే గంతెయ్యదు. ఇంజను ఊపందుకోడానికి టైం పడుతుంది. లోరిమర్‌కి మీరు ఆలస్యంగా బ్యాట్లెత్తారు."

స్నీడ్ మూతి తుడుచుకున్నాడు. "యుద్ధంలో నేను దింపినన్ని విమానాలు నువ్వు బొమ్మల్లో కూడా చూసుండవు. వాడికి చెయ్యి మొద్దు, నీకు నోరు పొడుగు. నోర్మూసుకుని తిను."

మర్నాడు ఉత్తరపు గాలి తిక్కతిక్కగా వీస్తోంది. పెన్‌హేల్ తన అటాకర్ జెట్‌ను దింపుతుంటే నౌక వెనక భాగం అలమీద పైకి లేచింది. తాను బాగా కిందికి వచ్చేశానని అతనికి తెలిసింది. స్నీడ్‌కూ తెలిసింది, కానీ బ్యాట్లు పైకి లేచేసరికి డెక్కు అంచు చక్రాల కిందికి వచ్చేసింది. లోరిమర్‌కూ సరిగ్గా ఇలాగే లేచాయి.

ఆ రోజు లోరిమర్ సైగ పాటించి విమానం ముక్కు పైకెత్తాడు. ఇంజను ఊపందుకునేలోపే విమానం పక్కకు ఒరిగి నీళ్లలో పడింది. ఇప్పుడు తాను వినకపోతే ప్రాణం దక్కుతుంది, కానీ ఎగరడం ఇవాళ్టితో సరి. ఎగరడం తప్ప పెన్‌హేల్‌కు మరో పని చేతకాదు.

అతను బ్యాట్లను లెక్కచెయ్యకుండా వేగం పిడి వెనక్కి లాగేశాడు. తోక చక్రం ధడేలున డెక్కును తాకింది. తోక కింది కొక్కెం విమానాన్ని పట్టి ఆపే తీగల్లో చిట్టచివరిదానికి తగులుకుంది.

స్నీడ్ పరుగెత్తుకొచ్చాడు. "కళ్లు పోయాయా? బ్యాట్లు కనబళ్లేదా?"

"కనబడ్డాయి."

"కనబడి కూడా మాట వినలేదు నువ్వు!"

"లోరిమర్ విన్నాడు సార్."

సాయంత్రానికి కెప్టెన్ పెన్‌హేల్‌ను ఎగరకుండా ఆపేశాడు. కారణాలు తనకు అక్కర్లేదన్నాడు.

మర్నాడు పనిలేక పెన్‌హేల్ నౌక పై అంతస్తు నుంచి చూస్తూ నిలబడ్డాడు. ఒక అటాకర్ కాస్త కిందుగా వస్తోంది. అది ఇంకా బాగా దూరంలో ఉండగానే స్నీడ్ బ్యాట్లు పైకి లేచాయి. విమానం తాపీగా ఊపందుకుని, నౌక మీదుగా క్షేమంగా ఎగిరిపోయింది.

పెన్‌హేల్‌కు సంతోషం కలగలేదు. మెట్లు దిగి నేరుగా స్నీడ్ ఎదుటికి వెళ్లాడు.

"ఇంత ముందే ఎత్తడం నీకు చేతనవునన్నమాట," అన్నాడు. సార్ అనలేదు.