కర్ర తీసిన పడక కుర్చీ

నేను ఒక పడక కుర్చీని. సింహాసనాన్ని కానని నాకూ తెలుసు. అయినా రెండు దేశాల నీళ్ళ గొడవ నా గుడ్డ మీదే తీరిందంటే నమ్మరు కదూ! నమ్మకపోతే పోనివ్వండి, వినండి చాలు.

పుట్టింది నరసాపురంలో. టేకు చెక్క, చారల గుడ్డ, వెనక వాలు మార్చుకోవడానికి నాలుగు గాడులు. నా గుడ్డని పైన పట్టి ఉంచేది ఒకే ఒక్క కర్ర. అది లాగేస్తే చూడ్డానికి నిక్షేపంలా ఉంటాను, కూర్చున్నవాడు మాత్రం నేల మీద ఉంటాడు. నన్ను కొన్న సోమరాజుగారికి ఈ ఏర్పాటు మహా నచ్చింది. ఇంకెవరూ కూర్చోకుండా, లేచినప్పుడల్లా కర్ర లాగి తలుపు వారన పెట్టేసేవారు. ఆయన భార్య పేరిందేవిగారు కూడా ఒక్కనాడైనా నాలో కూర్చుని ఎరగరు.

తరవాత ఆవిడ ప్రధానమంత్రి అయ్యారు. సామానుతో పాటు నేనూ రాజధానికి వెళ్ళాను. దేశమంతా ఆవిడ మాట చెల్లేది, నా విషయంలో మాత్రం సోమరాజుగారి మాటే. మగవాళ్ళ పెత్తనం కూడా ఎక్కడో ఒక చోట ఉండాలిగా మరి!

అప్పుడొచ్చింది ఆ కరువు ఏడు. భూమిలో నీరు అడుగంటుతోందని ఆవిడ కొత్త బోర్లు వెయ్యకూడదని చట్టం తెచ్చారు. ఊరూరా ఆవిడ దిష్టిబొమ్మలు తగలబెట్టారు. "బోర్లు వద్దంటే సరే, కాలవలో నీళ్ళేవమ్మా?" అని సొంత పార్టీవాళ్ళే నిలదీశారు. న్యాయమే. ఆ నీళ్ళు ఎగువనున్న పొరుగు దేశం వదిలితే గాని రావు. ఒప్పందం కుదరకపోతే చట్టం పోతుంది, ప్రభుత్వం పోతుంది, దిగువనున్న పొలాలన్నీ ఎండిపోతాయి. ఆవిడకి అన్నం సయించడం మానేసింది. చూస్తుంటే నాకే జాలేసేది.

పొరుగు దేశపు అధ్యక్షుడు వచ్చాడు. ఏడాది పొడుగునా ఒకే లెక్కన నీళ్ళివ్వాలని మనవాళ్ళు, ఎండాకాలం మాకే చాలవు పొమ్మని ఆయన. చర్చలు చెడిపోయాయి. విమానం ఎక్కే ముందు మర్యాద కోసం టీ తాగి వెళ్దామని, ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు.

మర్యాదంటే మా సోమరాజుగారి దగ్గరే చూడాలి. గోదావరి జిల్లా మనిషి. ఎదురెళ్ళి, "ఆయ్, రండి బాబూ! ఆ సోఫాలు మీకెందుకండి, ఇందులో కూర్చోవాలండి" అంటూ వరండాలోకి తీసుకొచ్చి నన్ను చూపించారు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఇంకొకరికి ఇవ్వడం ఆయనకి అదే మొదలు. ఆ సంబరంలో కర్ర సంగతి మరిచిపోయారు. అదేమో తలుపు వారనే ఉంది. అరుద్దామంటే నాకు నోరేదీ?

ధబేల్!

అధ్యక్షులవారు నా కాళ్ళ మధ్య నేల మీద చతికిలబడ్డారు. భద్రతావాళ్ళు తుపాకులు తీశారు. పేరిందేవిగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. సోమరాజుగారు గబుక్కున వెళ్ళి ఆయన పక్కనే నేల మీద కూలబడ్డారు.

"ఎంత పని చేశాను బాబూ! ఇంటికొచ్చిన చుట్టం నేల మీదుంటే నేను నిలబడతానా అండి?"

దుబాసీ ఆ మాట చెప్పగానే ఆయన తేరిపార చూసి, పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకే నడుం పట్టేసింది.

విమానం ఆగింది. కర్ర దూర్చి ఆయన్ని నాలో పడుకోబెట్టారు. పేరిందేవిగారు స్వయంగా ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టారు. ఆయనేమో కాసేపు "ఇంకొంచెం వాల్చండి" అంటాడు, అంతలోనే "అబ్బా, కాస్త పైకి లేపండి" అంటాడు. సోమరాజుగారు ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి మారుస్తూనే ఉన్నారు. అది చూస్తూ చూస్తూ పేరిందేవిగారి చెయ్యి ఆగిపోయింది.

"చూశారా, మీ నడుమే ఒక్క గాడిలో ఊరుకోవడం లేదు. నదిని మాత్రం ఏడాదంతా ఒకే గాడిలో పెట్టాలని పొట్లాడుకుంటున్నాం. నీటి ఎత్తుని బట్టి వాటా మారుద్దాం. నిండుగా ఉంటే మాకు ఎక్కువ వదలండి, తగ్గితే ఇద్దరం తగ్గించుకుందాం."

ఆయన ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. "ఎన్ని గాడులు?" అని అడిగాడు.

"దీనికి నాలుగున్నాయి. నాలుగే పెట్టుకుందాం."

పడుకున్నవాడు పడుకున్నట్టే తన అధికారుల్ని పిలిపించాడు.

ఆ ఏడే కాలవలోకి నీళ్ళొచ్చాయి. చట్టం నిలిచింది, ప్రభుత్వమూ నిలిచింది. అంతా దౌత్య చాతుర్యమని పత్రికలు రాశాయి. ఆయన పడ్డ సంగతి ఎవరూ రాయలేదు.

ఒప్పందం కుదిరిన కుర్చీనని ఇప్పుడు నన్ను మ్యూజియంలో పెట్టారు. చుట్టూ తాడు, ముందు "కూర్చోరాదు" అని బోర్డు. కుర్చీని పట్టుకుని ఆ మాటనడం ఏం న్యాయమో!

మొన్న వాళ్ళిద్దరూ వచ్చారు. పేరిందేవిగారు పదవి దిగి చాలా కాలమైంది. సోమరాజుగారు దర్జాగా తాడు దాటి వచ్చి కూర్చున్నారు. కాపలాదారు కేకెయ్యబోయి, ఎవరో గుర్తుపట్టి ఊరుకున్నాడు. కాసేపటికి ఆయన లేచారు. అలవాటు కొద్దీ చెయ్యి కర్ర మీదికి వెళ్ళింది. పేరిందేవిగారికి మోకాళ్ళు నొప్పెడుతున్నట్టున్నాయి, గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆయన అటు చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు కూర్చో, పేరిందేవీ."

"నేనా? ఇందులోనా?"

ఆవిడ వంగి, కర్ర ఉందో లేదో ముందు చేత్తో తడిమి చూసుకున్నారు. తరవాత నెమ్మదిగా కూర్చున్నారు.

"ఏ గాడిలో పెట్టమంటావు?" అన్నారాయన.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "బాగా వాల్చండి. కాసేపు పడుకుంటాను."