తాళంచెవితో పాటు పీట

మదనపల్లెలో వసంతమ్మ మంచిదని వీధి వీధంతా చెబుతుంది. ఆమె ఇంటి వెనక భాగం బాడుగకు ఇస్తుంది. కొత్తగా దిగినవాళ్లకు తాళంచెవితో పాటు ఒక చెక్కపీట కూడా చేతికిచ్చేది.

"నీళ్ల హీటరు స్విచ్చి వేసేటప్పుడు దీని మింద నిలబడండమ్మా. గోడ రవంత జుమ్మంటాది, అంతే" అని నవ్వుతూ చెప్పేది. వాళ్లూ నవ్వి పీట తీసుకునేవారు. గోడకు కరెంటు ఎందుకు వస్తోందని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. పాఠకులారా, ఇలాంటి పీటలు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఒక్కసారి తలచుకోండి.

ఆ స్నానాలగది గోడకు ఎప్పుడూ చెమ్మే. వానాకాలంలో అది పడకగదిలోకీ పాకేది. ఇక చలికాలంలో కిటికీ సందుల్లోంచి కొట్టే గాలికి, ఆ చెమ్మకు, కప్పుకున్న దుప్పటి కూడా తడిగా తగిలేది. బాడుగకున్నవాళ్లు మారినప్పుడల్లా వసంతమ్మ మునస్వామిని పిలిచి సున్నం కొట్టించేది. మునస్వామి ఆమె భర్తకు చిన్నాన్న కొడుకు. ఆ ఇంట్లో కొళాయి బిగించేదీ అతనే, కరెంటు తీగలు కలిపేదీ అతనే. సున్నం పని తప్ప ఏదీ నేర్చుకున్నవాడు కాదు, కానీ మనోడు. మనోణ్ణి కాదని బయటివాణ్ణి పిలిస్తే చుట్టాల్లో మాట వస్తుందని ఆమె భయం.

ఇప్పుడు ఆ ఇంట్లో కీర్తి, మహేష్ అనే దంపతులు ఉంటున్నారు. మహేష్‌కు పుంగనూరు పాలకేంద్రంలో ఉద్యోగం. కీర్తి తొలి కాన్పుకు కుప్పంలోని పుట్టింటికి వెళ్లి ఆడపిల్లను కన్నది. మూడో నెలలో బిడ్డతో వస్తుందని తెలిసినప్పటి నుంచి వసంతమ్మకు కాలు నిలవడం లేదు. పిల్లలు లేని ఆమెకు కీర్తి కూతురిలా అలవాటైపోయింది. వెంటనే మునస్వామిని పిలిపించి గది తెల్లగా చేయించింది.

బిడ్డను పంపేముందు ఇల్లు చూసి పోదామని కీర్తి తల్లి చెంగమ్మ కుప్పం నుంచి బస్సెక్కి వచ్చింది. పడకగది గోడ మీద చెయ్యి వేస్తే వేళ్లకు తడి సున్నం అంటుకుంది. స్నానాలగది గడప దగ్గర పీట కనబడింది.

"ఇది యాల ఈడ ఉండాది అక్కా?"

వసంతమ్మ అలవాటుగా ఎప్పటి మాటే చెప్పింది. చెంగమ్మ నవ్వలేదు.

"మనం పెద్దోళ్లం, పీట ఎక్కతాం. బిడ్డ రేపు పాకతాది. గోడ పట్టుకోని లేసి నిలబడతాది. దానికి పీట యాడ కట్టల్ల?" అంది మెల్లగా. "కోపం చేసుకోవద్దక్కా. ఈ గోడ బాగయ్యేదాకా బిడ్డను పంపను."

ఆమె వెళ్లాక వసంతమ్మ ఒక్కతే ఆ స్నానాలగదిలోకి వెళ్లింది. తన చెయ్యి తానే స్విచ్చి దగ్గర గోడకు ఆనించబోయి, వెనక్కి తీసుకుంది. తను తాకడానికి జంకే గోడ పక్కన ఇన్నాళ్లూ ఎంతమందిని పడుకోబెట్టింది తను? మహేష్ రాగానే, పని తెలిసినవాణ్ణి తీసుకురమ్మని చెప్పింది.

మహేష్ పుంగనూరు నుంచి ఇమాముద్దీన్‌ను తీసుకొచ్చాడు. పాలకేంద్రంలో పనులు చేసే, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ అతను. కరెంటు ఆపి గోడ పగలగొట్టించి చూస్తే, లోపల నీళ్ల పైపు అతుకు దగ్గర కారుతోంది. దాని పక్కనే మెలివేసి వదిలేసిన తీగలు. ఎర్తు తీగ అసలే లేదు.

"నీళ్లు ఆగందే నేను తీగ ముట్టనమ్మా. ముందు ప్లంబర్‌ని పిలిపించండి" అన్నాడు.

సంగతి తెలిసి వచ్చిన మునస్వామి గేటు దగ్గరే ఆగిపోయాడు. "నేను చేసింది సాలలేదా వదినా?"

"నీ మింద కోపం లేదప్పా. సున్నం నీ మాదిరి కొట్టేవాళ్లు లేరు. నీకు రాని పని నీ నెత్తిన పెట్టిందాన్ని నేను. ఆ తీగలు కలిపేటప్పుడు నీకేమన్నా అయ్యుంటే?"

మునస్వామి గేటు దాటి లోపలికొచ్చి, పగిలిన పెళ్లలు గంపలోకి ఎత్తసాగాడు.

ప్లంబరు పైపు మార్చాడు. ఇమాముద్దీన్ పెరట్లో గుంత తవ్వించి ఎర్తు వేసి, కరెంటు బయటికి కారితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి బిగించాడు. వడ్రంగి కిటికీ తలుపులు సందు లేకుండా సరిచేశాడు. గోడ బాగా ఎండనిచ్చి, చివరికి మునస్వామే సున్నం కొట్టాడు. ఈసారి అది పెచ్చులూడలేదు.

చెంగమ్మ కూతుర్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, తడి లేదని చూసుకుని, "పీట యాడక్కా?" అని అడిగింది.

వసంతమ్మ తెచ్చిచ్చింది. చెంగమ్మ దాని మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. వసంతమ్మ నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి స్విచ్చి వేసింది. కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి చెంబుతో పోస్తుంటే బిడ్డ కాసేపు ఏడ్చి ఊరుకుంది.

సాయంత్రం పక్కింటి దేవరాజులు వచ్చాడు. ఆయనకూ రెండు బాడుగ ఇళ్లున్నాయి. "మా ఇంట్లోనూ గోడ రవంత జుమ్మంటాదమ్మా. సున్నం కొట్టిస్తే సరిపోతాది కదా?"

వసంతమ్మ బిడ్డను భుజాన సర్దుకుని అంది. "పని తెలిసినోళ్లను పిలువు దేవరాజులూ. మన బిడ్డను పడుకోబెట్టడానికి మనం జంకే ఇంటిని ఇంకొకరి బిడ్డకు బాడుగకివ్వకూడదు."